మే 15 దాటాక బయల్దేరండి

చి.సౌ. శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పిల్లల్ని తీసుకుని వియన్నా వస్తామని రాసినందుకు ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ డిసెంబర్‌లో అన్నావు చూడు, అక్కడ ఆగాను. మంచు చూపించాలి, క్రిస్మస్ అంగళ్లు చూపించాలి అన్నావు. ఇరవయ్యేళ్లకు పైగా ఈ ఊళ్లో ఉంటున్నాను, మనవైపు నుంచి వచ్చిన ఎందరో పిల్లల్ని ఈ వీధుల్లో తిప్పాను. మీ ఇద్దరే వచ్చేటట్టయితే డిసెంబర్‌కి సరే అనేదాన్ని. నాలుగేళ్ల బుడ్డోడితో మాత్రం వద్దు.

ముందు నిద్ర సంగతి చూడు. చలికాలంలో మనకీ ఇక్కడికీ నాలుగున్నర గంటలు తేడా, వేసవిలో మూడున్నర. పిల్లలు దిగిన మొదటి మూడు రోజులు తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో లేచి కూర్చుంటారు, ఎవరి పిల్లలైనా అంతే. డిసెంబర్‌లో అయితే ఏడున్నర దాటితే గానీ తెల్లవారదు. ఆ చీకట్లో, హోటల్ గదిలో, పక్కవాళ్లు నిద్రపోతుంటే నాలుగు గంటలు వాణ్ణి ఏం చేసి ఆడిస్తావు? సాయంత్రం నాలుగింటికి మళ్లీ చీకటి. దీపాలు వెలిగేవేళకి వాడు నీ భుజం మీద నిద్రపోతుంటాడు. అదే మే నెల చివర్లో అయితే ఐదింటికల్లా వెలుతురు. ఆరింటికి బేకరీ తలుపు తీస్తారు. వేడి వేడి బన్ను ఒకటి చేతిలో పెట్టి పార్కుకి తీసుకెళ్తే, జనం లేచేసరికి వాడి ఆట ఒకటి పూర్తవుతుంది. సాయంత్రం ఎనిమిదిన్నర దాకా పొద్దు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం రెండు గంటలు పడుకోబెట్టినా మీ రోజు వృథా పోదు.

మూడేళ్ల కింద మీ పెదనాన్న తరఫు బంధువుల పిల్లాణ్ణి డిసెంబర్‌లో టౌన్‌హాల్ ముందున్న అంగడికి తీసుకెళ్లాను. మాకు పైన చెట్లకి కట్టిన దీపాలన్నీ కనిపిస్తున్నాయి, వాడు మాత్రం ఏడుస్తున్నాడు. ఎందుకా అని వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఆ ఎత్తులో దీపాల్లేవు. కోట్ల అంచులు, చేతిసంచులు, తడిసిన బూట్లు, అంతే. ఒక చేతికి గ్లవ్ లేదు, ఎక్కడో జారిపోయింది, ఆ వేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఆ రోజు నుంచి పసిపిల్లలున్న ఎవరికీ డిసెంబర్ చెప్పడం మానేశాను. పైగా ఊళ్లో మంచు పడుతుందన్న భరోసా కూడా లేదు. చాలా రోజులు బూడిదరంగు ఆకాశం, సన్నటి వాన, అదే చలికాలం. వాడికి ఎనిమిదేళ్లు వచ్చాక రండి, అప్పుడు నేనే తిప్పుతాను.

మరి ఎప్పుడంటే, మే 15 దాటాక. తేదీ ఇంత కచ్చితంగా ఎందుకంటున్నానో విను. మే 11 నుంచి 15 దాకా ఇక్కడివాళ్లు 'మంచు సాధువుల రోజులు' అంటారు. ఆ తేదీల్లో పండుగలుండే సాధువుల పేరు మీద వచ్చిన మాట అది. చివరి రోజు 'చలి సోఫీ'ది. వేసవి వచ్చేసిందనుకున్నాక కూడా ఆ రోజుల్లో చలి ఒక్కసారి వెనక్కి తిరిగి రావచ్చు. మా పక్కింటి ముసలావిడ సోఫీ వెళ్లిపోతే గానీ టమాటా నారు బయట పెట్టదు. మన పిల్లల్ని కూడా ఆ నారులాగే చూసుకుందాం.

మీ బళ్లు ఏప్రిల్ చివర మూసి జూన్ రెండో వారంలో తెరుస్తారు కదా. ఇక్కడి బళ్లకి సెలవులు జులై, ఆగస్టుల్లో. అంటే మీకు సెలవులున్నప్పుడు ఇక్కడి పిల్లలు బళ్లో ఉంటారు. మే మూడో వారం నుంచి జూన్ మొదటి వారం దాకా మన పిల్లలకి కుదిరినట్టు ఇంకెవరికీ కుదరదు. షోన్‌బ్రున్ జూ పొద్దున తలుపు తీయగానే వెళ్లండి. 1752లో పెట్టింది, ఇప్పటికీ నడుస్తున్న జూలలో ప్రపంచంలో అన్నిటికన్నా పాతది. డాన్యూబ్ నదిలోని దీవిలో 21 కిలోమీటర్ల పొడవునా గడ్డీ నీళ్లూ, టికెట్టు లేదు. మీ పెద్దది మీనూకి ప్రాటర్ పార్కులోని జెయింట్ వీల్ ఎక్కాలని ఉంటుంది, 1897 నాటిది అది, 65 మీటర్ల ఎత్తు. వాన పడితే దిగులొద్దు, డైనోసార్ల ఎముకలున్న ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పంతొమ్మిదేళ్ల లోపు వాళ్లకి టికెట్టు లేదు. మంగళవారం మాత్రం మూసి ఉంటుంది.

వాన పడుతుంది, అది ముందే చెప్తున్నా. మధ్యాహ్నం ఉరిమి గంటసేపు కురిసి వెళ్లిపోతుంది. గొడుగు కాదు, పిల్లలకి రెయిన్‌కోటు తీసుకో. లోపల బనీను, పైన చొక్కా, ఆపైన స్వెట్టరు వెయ్యి. పొరలుంటాయని ఇక్కడ దాన్ని 'ఉల్లిపాయ వేషం' అంటారు.

జులై, ఆగస్టు వద్దు. మన ఎండలు చూసినవాళ్లకి 35 డిగ్రీలు ఏమాత్రం అనిపిస్తుంది. కానీ పాత ఇళ్లలో, చవక హోటళ్లలో ఏసీ ఉండదు, పైన ఫ్యాను కూడా ఉండదు. ఆ రాత్రులు పిల్లలకి నిద్ర పట్టదు. పైగా ఆ రెండు నెలలు ఒపెరా ఉండదు, మీనూ వినాలన్న బాలుర గాయక బృందం ఆదివారం పాట కూడా ఉండదు.

మే కుదరకపోతే దసరా సెలవులు చూడు. పండుగ సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో పడ్డ ఏడాది బాగుంటుంది. అక్టోబర్ మూడో వారానికి పోతే సాయంత్రాలు చలేస్తుంది.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు, ఫిబ్రవరిలోనే పెట్టెయ్యి. వేసవి దగ్గరపడితే స్లాట్లు దొరకవు. మీ ఇద్దరికీ తలా 90 యూరోలు, మీనూకి 45, బుడ్డోడికి ఏమీ లేదు. 30,000 యూరోలకి తక్కువ కాని ఇన్సూరెన్సు ఉండాలి.

ఒకటి మర్చిపోకు. ఆదివారాలు, ఆ నెలలో వచ్చే పండుగ సెలవుల్లో కొట్లన్నీ మూసేస్తారు, శనివారం కూడా ఆరింటికల్లా. పాలు, పెరుగు, అరటిపళ్లు ముందే కొనిపెట్టుకోవాలి. అందుకే శనివారం సాయంత్రం దిగే విమానం తీసుకోవద్దు. నీళ్ల బాటిళ్లు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లే తాగొచ్చు, ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయవి.

తేదీలు తేలగానే చెప్పు. మా వీధి చివర చిన్న హోటలుంది, ట్రామ్ ఎదురుగానే ఆగుతుంది, వెళ్లి గదులు నేనే చూసొస్తాను. వాడికి పప్పన్నమే ఇష్టమన్నావు కదా, కందిపప్పు నువ్వు మొయ్యకు, ఇక్కడ దొరుకుతుంది. ఆవకాయ మాత్రం తీసుకురా.

మీ పెద్దమ్మ