సామాను తడిసి వచ్చింది, సంతకం పెట్టేశాం... ఇక అంతేనా?

ప్రశ్న: మేడమ్, మావారికి ట్రాన్స్‌ఫర్ అయి జూలై నెలాఖరులో బెంగళూరు నుంచి విశాఖకు ఇల్లు మారాం. ప్యాకర్స్ వాళ్లు ఇంటికొచ్చి, సామానంతా చూసి 32 వేలకు ఒప్పుకున్నారు. లారీ ముందు, మేం వెనకాల కారులో బయల్దేరాం. మొగిలి ఘాట్‌లో బాబుకు ఒకటే వాంతులు. నాయుడుపేట దగ్గర టైరు పోతే, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు ఎండలో రోడ్డు పక్కనే కూర్చున్నారు. అదంతా ఓర్చుకున్నాం. ఒంగోలు చేరేసరికి ఫోన్. సామాను ఎక్కువైందట, ఇంకో 18 వేలు వేస్తేనే బండి కదులుతుందట. బండి ఎక్కడుందో మాత్రం చెప్పరు! విశాఖలో ఖాళీ ఇంట్లో చాపలు కొనుక్కుని పడుకున్నాం. చివరికి ఆ డబ్బు ఆన్‌లైన్‌లో వేశాక, ఓ రాత్రి జోరువానలో వేరే లారీ వచ్చింది. విజయవాడలో సామాను మార్చారట. పైన పట్టా చిరిగి పరుపులు నీళ్లోడుతున్నాయి. టీవీ పెట్టె మీద గ్రైండర్ ఎక్కించారు. మా అమ్మ సారెలో పెట్టిన ఇత్తడి గంగాళం, బిందెలు ఉన్న గోనెసంచి రానేలేదు. సంతకం పెడితేనే దించుతామంటే మావారు పెట్టేశారు. అందులో ‘అన్నీ సక్రమంగా అందాయి’ అని ఉంది. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఇంట్లో అందరూ పోనీలే అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.
– ఓ పాఠకురాలు, మధురవాడ

జవాబు: పోనివ్వకండమ్మా. సామాను దారిలో ఆపి డబ్బు గుంజడం మామూలు విషయం కాదు. దాన్ని మీరు భరించాల్సిన పనీ లేదు.

ముందు ఆ సంతకం గురించి టెన్షన్ వదిలేయండి. ఆ కాగితం ఒక్కదానితో కేసు ముగిసిపోదు. పెట్టెలు విప్పకముందే, వానలో, సంతకం పెట్టకపోతే దించబోమని బెదిరించి పెట్టించుకున్నారని ప్యాకర్స్ వాళ్లకు పంపే నోటీసులో స్పష్టంగా రాయండి. 18 వేలు ఏ రోజు ఏ టైముకు వేశారో బ్యాంకు స్టేట్‌మెంట్ చెబుతుంది. సామాను అందకముందే కట్టించుకున్నారనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ రాత్రి తీసిన ఫోటోలు, వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి.

అన్నిటికంటే తొందరగా చేయాల్సింది నోటీసు. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, నష్టం గురించి రాతపూర్వక నోటీసు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రవాణాదారుకు అందాలి. సామాను ఇంటికి చేరిన రోజు నుంచి కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. మీ గడువు జనవరిలో ముగుస్తుంది. సంక్రాంతి దాకా ఆగకుండా ఈ వారమే లారీ రసీదు మీదున్న అడ్రసుకు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. వాళ్ల నిర్లక్ష్యాన్ని మీరు నిరూపించాల్సిన అవసరం లేదని అదే చట్టం చెబుతోంది. అయితే పరిహారానికి ఒక పరిమితి ఉంది. కిరాయికి పది రెట్లు, అదీ బుక్ చేసేటప్పుడు ఇచ్చిన పత్రంలో (గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్) రాసిన విలువను మించకుండా. కాబట్టి ఆ పత్రంలో ఏం విలువ వేశారో ఇవాళే చూడండి.

ఇత్తడి సామాను సంగతి విడిగా చెప్పాలి. లారీ మార్చినచోట సంచులు మిగిలిపోవడం జరుగుతుంటుంది. విజయవాడ గోడౌన్‌లో వెతికి అప్పగించమని నోటీసులో మొదటి కోరికగా అదే రాయండి. ప్యాకింగ్ లిస్టులో ఆ సంచికి నంబరు ఉంటే అదీ వేయండి. అమ్మ ఇచ్చిన గంగాళానికి బిల్లు ఎవరి దగ్గరుంటుంది? పెళ్లి ఫోటోల్లోనో, పండగ ఫోటోల్లోనో కనబడుతుందేమో చూడండి. ఇత్తడి కొట్టులో అంత తూకానికి ఇప్పటి ధర రాయించుకోండి. డబ్బుతో ఆ గంగాళం తిరిగి రాదని నాకూ తెలుసు. అయినా దాని విలువ కాగితం మీదికి ఎక్కాల్సిందే.

నోటీసుకు జవాబు రాకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, బెంగళూరు తిరగక్కర్లేదు. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. కొన్ని కంపెనీలు ఆ దశలోనే దిగొస్తాయి. రాజీకొస్తే మాత్రం, డబ్బు మీ ఖాతాలో పడేదాకా కేసు వెనక్కి తీసుకోకండి.