రెండు చివరలా ఒకే వరుస ఉన్నా నెట్ ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: హాల్లోని రౌటర్ నుంచి మేడ మీది కంప్యూటర్‌కి 25 మీటర్ల క్యాట్-6 కేబుల్ లాగి, కనెక్టర్లు నేనే క్రింప్ చేశాను (టూల్‌తో నొక్కి బిగించాను). రెండు చివరలా ఒకటే వరుస: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, గ్రీన్, తెలుపు-బ్లూ, బ్లూ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. టెస్టర్‌లో 8 లైట్లూ వరసగా వెలిగాయి. అయినా నెట్ మాటిమాటికీ తెగిపోతోంది. కేబుల్ మార్చాలా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: మార్చక్కర్లేదు. చిక్కంతా రంగుల వరుసలోనే ఉంది. జంట రంగుల్ని పక్కపక్కన పెడితే చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. సొంతంగా క్రింప్ చేసేవాళ్లు పొరపడేది కూడా అక్కడే.

కేబుల్‌లో 8 తీగలు 4 జతలుగా మెలితిరిగి ఉంటాయి. జతలో ఒక తీగ మీద వెళ్లే సిగ్నల్‌కి సరిగ్గా వ్యతిరేకమైనది రెండో తీగ మీద వెళ్తుంది. మెలిక వల్ల బయటి నాయిస్ (అక్కర్లేని విద్యుత్ అలజడి) రెండింటికీ ఇంచుమించు సమానంగా తగులుతుంది. అవతలి పోర్టు ఆ రెండింటి తేడానే చదువుకుంటుంది కాబట్టి నాయిస్ కొట్టుకుపోతుంది. కనెక్టర్‌లో 1-2, 3-6, 4-5, 7-8 పిన్నులు జతలు. మీ వరుసలో 3లో తెలుపు-గ్రీన్, 6లో బ్లూ పడ్డాయి. ఆ రెండూ వేర్వేరు మెలికల్లోవి. ఇక నాయిస్‌ని ఆపేదేముంది? మామూలు టెస్టర్ తీగ ఇటు నుంచి అటు కలిసిందా లేదా అన్నదే చూస్తుంది, ఏది దేనితో మెలితిరిగిందో దానికి తెలీదు. పొట్టి ముక్కలో ఈ తప్పు బయటపడకపోవచ్చు, 25 మీటర్లలో మాత్రం దాగదు.

మధ్యలోని 4-5ని బ్లూ జతకి వదిలేయడానికి కారణం టెలిఫోన్. ఫోన్ లైన్ నడిచేది మధ్య రెండు పిన్నుల మీదే. అందుకే గ్రీన్ జత విడిపోయి దానికి అటూ ఇటూ కూర్చుంది.

రెండు కనెక్టర్లూ కత్తిరించేసి మళ్లీ మొదలుపెట్టండి. క్లిప్ అవతలి వైపుకి, బంగారు రంగు పిన్నులు మీ వైపుకి, తీగలు దూర్చే నోరు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ చివరది 1. అక్కణ్ణుంచి తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, బ్లూ, తెలుపు-బ్లూ, గ్రీన్, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. రెండో చివరా ఇదే. మెలికలు 13 మిల్లీమీటర్లకి మించి విప్పకండి. తీగల రాగి కొసలు కనెక్టర్ ముందు గోడకి ఆనుకుని కనిపించాలి, పై తొడుగు కూడా కాస్త లోపలికి వెళ్లాలి. అప్పుడే క్రింపింగ్ టూల్ నొక్కండి.

తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ పేజీ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. రౌటర్, కంప్యూటర్ రెండూ గిగాబిట్‌వి (సెకనుకి 1000 మెగాబిట్ల వేగానివి) అయితే అక్కడ 1000 ఉండాలి. 100 దగ్గరే ఆగితే బ్లూ, బ్రౌన్ జతల్లో ఏదో తీగకి పిన్ను సరిగ్గా దిగలేదేమో చూడండి.