భార్య గర్భం వద్దంటోంది, నేను ఆపగలనా?

ప్రశ్న: మాది ఒంగోలు. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం, ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. బాబుకి పది నెలలు, సిజేరియన్ కాన్పు. పాలిస్తుండగానే, నెలసరి మళ్ళీ మొదలు కాకముందే నా భార్యకి గర్భం వచ్చింది. మొన్న స్కాన్‌లో ఏడు వారాలన్నారు. తీయించుకుంటానంటోంది. విశ్వాసులమైన మాకు అది ప్రాణం తీయడమే. రిపోర్టు నా ఆఫీసు బ్యాగులో పెట్టుకున్నాను. నా సంతకం లేకుండా ఆసుపత్రిలో చేస్తారా? కోర్టుకెళ్తే ఆగుతుందా? అమెరికాలోనే నిషేధించారు కదా, మనకెందుకు లేదు?

జవాబు: ముందు ఆ రిపోర్టు ఆమె చేతికివ్వండి, ఇవాళే. అది దాచినందువల్ల గర్భం నిలబడదు. వారాలు గడుస్తాయి, ప్రమాదం పెరుగుతుంది, అంతే. నెలసరే రాని బాలింతకి తేదీ లెక్క వేయడానికి స్కాన్ తప్ప ఆధారం లేదు. పాత సిజేరియన్ కుట్టు దగ్గర పిండం అతుక్కుందేమో చూడాల్సింది కూడా అందులోనే. అలా ఉంటే గర్భం ఉంచుకున్నా, మాత్రలు వేసుకున్నా ప్రాణం మీదికి రావచ్చు.

మీ సంతకం అక్కర్లేదు. గర్భస్రావానికి సంబంధించిన 1971 ఎంటీపీ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండిన స్త్రీకి, మానసిక అనారోగ్యం లేకపోతే, ఆమె సమ్మతి ఒక్కటే చాలు. ఆమె సంతకం చేసేది ఫారం సి. అందులో ఫలానా వారి భార్య అని మీ పేరు రాస్తారు గానీ మీరు సంతకం పెట్టే చోటు లేదు. కొన్ని ఆసుపత్రులు భర్తని రమ్మంటాయి. అది రేపు గొడవ వస్తుందేమోనన్న వాళ్ళ జాగ్రత్త, చట్టం కాదు. కోర్టు దారీ మూసుకున్నట్టే: భార్య తన అనుమతి లేకుండా తీయించుకుందని ఆమె మీదా డాక్టర్ల మీదా నష్టపరిహారానికి వెళ్ళిన భర్త అప్పీలును సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో కొట్టేసింది. ఇదే చట్టం అటువైపూ పనిచేస్తుంది. మీరు తీయించుకోమని, ఆమె వద్దని అన్నా ఆమె మాటే చెల్లేది. స్త్రీ సమ్మతి లేకుండా గర్భస్రావం చేయిస్తే భారతీయ న్యాయ సంహిత 89 కింద యావజ్జీవం దాకా శిక్ష ఉంది.

అమెరికా సంగతి మీరు సగమే విన్నారు. గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును 2022 జూన్ 24న అక్కడి సుప్రీంకోర్టు రద్దు చేసి, నిర్ణయం రాష్ట్రాలకి వదిలింది. కొన్ని నిషేధించాయి, కొన్ని అనుమతిస్తున్నాయి. ఐర్లండ్ ఎదురు దారిలో నడిచింది. 1983లో నిషేధాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించిన దేశం 2018లో ప్రజాభిప్రాయంతో తీసేసింది. ఆ మార్పు వెనక బెళగావి అమ్మాయి సవిత హలప్పనవర్ మరణం ఉంది. 2012లో గాల్వేలో, 17 వారాల గర్భం పోతుండగా, పిండం గుండె కొట్టుకుంటోందని వైద్యులు తీయలేదు. మన చట్టం మాత్రం ఎవరికీ పూర్తిగా నచ్చేది కాదు. నాటు పద్ధతుల్లో ఆడవాళ్ళు చనిపోతున్నారని పుట్టిన చట్టమిది. అందుకే నిర్ణయానికి డాక్టరు అభిప్రాయం తోడుండాలి: 20 వారాల దాకా ఒకరిది, కొన్ని వర్గాల వారికి 24 దాకా ఇద్దరిది. ఆ గీత దాటాక ఏమవుతుందో 2023 అక్టోబరులో చూశాం. పాలిస్తూ గర్భం సంగతి ఆలస్యంగా తెలుసుకున్న ఇద్దరు పిల్లల తల్లికి 26 వారాలు దాటాక సుప్రీంకోర్టు అనుమతివ్వలేదు.

మీ నమ్మకం మీది, దాన్ని మింగేయమని చెప్పను. ఆమెకి ఒక్కసారి, సూటిగా చెప్పండి. పాస్టరు గారినీ అమ్మనీ ఫోన్లో ఎక్కించకండి. ఆదివారం ప్రార్థనలో ఆమె పేరు చదివించడం అసలే వద్దు. తర్వాత ఆమె భయమేమిటో అడిగి వినండి. కాన్పు తర్వాత మళ్ళీ గర్భానికి కనీసం 24 నెలలు ఎడం ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మీకు ఏడాది కూడా లేదు, పైగా కుట్టు. ఉంచుకోమనే మనిషి ఏం మోస్తాడో చెప్పాలి: రాత్రుళ్ళు బాబుతో ఎవరు లేస్తారు, ఎవరి ఉద్యోగంలో సెలవు, ఒంగోలు నుంచి ఎవరొచ్చి ఎన్నాళ్ళుంటారు. ఇవేవీ లేకుండా దేవుడి మాట ఒక్కటే వినిపిస్తే ఆమెకి అది బెదిరింపులాగే ఉంటుంది.

అయినా ఆమె వద్దనుకుంటే మెడికల్ షాపు మాత్రలతో ఒంటరిగా వదలకండి. మాత్రలు తొమ్మిది వారాల దాకానే, అంటే స్కాన్ రోజు నుంచి పద్నాలుగు రోజులు. ప్రభుత్వ ఆసుపత్రి, లేదా ఎంటీపీ అనుమతి పత్రం గోడకి పెట్టిన ప్రైవేటు ఆసుపత్రి ఎంచుకోండి. ముందు హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు చూస్తారు. ఆర్‌హెచ్ నెగటివ్ అయితే ఇంజెక్షన్ కావాలేమో డాక్టరు చెబుతారు. మిఫెప్రిస్టోన్ 200 మి.గ్రా., 24 నుంచి 48 గంటల తర్వాత మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు. రక్తస్రావం, నొప్పి సహజమే. గంటకి రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోతూ రెండు గంటలు వరసగా సాగితే, జ్వరం ఒక రోజు దాటినా తగ్గకపోతే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రెండు వారాల తర్వాత పరీక్షకి తప్పక వెళ్ళాలి, ముక్కలు మిగిలితే బయటపడేది అక్కడే. పాలివ్వడం గురించీ ముందే అడగండి.

ఉంచుకుంటే పాత కాన్పు డిశ్చార్జి సమ్మరీతో ఈ వారమే గైనకాలజిస్టుని కలవండి, కాన్పు ఆపరేషన్ థియేటరున్న చోటే. ఏ దారైనా ఆ రోజు బాబుని చూసుకోవడానికి మీరే సెలవు పెట్టండి. పాలిస్తుంటే గర్భం రాదన్న నమ్మకం ఆరు నెలల దాకానే పనిచేస్తుంది, అదీ తల్లిపాలు తప్ప మరేమీ పెట్టకపోతే, నెలసరి రాకపోతే. కాబట్టి ఈసారి గర్భనిరోధం గురించి డాక్టరుని అడిగే పని మీరు తీసుకోండి.