సిలికాన్ గ్యాప్ లెక్కలో ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న: ప్రయోగాల నుంచి ఏ విలువా తీసుకోకుండా, క్వాంటమ్ సూత్రాలతోనే ఘనపదార్థాల ధర్మాలను లెక్కించవచ్చని చదివి, సిలికాన్‌కు డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతంతో లెక్క చేశాను. బ్యాండ్ గ్యాప్, అంటే నిండిన, ఖాళీ ఎలక్ట్రాన్ స్థాయిల మధ్య శక్తి అంతరం, సుమారు 0.5 ఎలక్ట్రాన్ వోల్టులే వచ్చింది, పుస్తకాల్లో 1.1 అని ఉంది. కాంతి శోషణ వక్రం కూడా ప్రయోగంతో కలవడం లేదు. పొరపాటు ఎక్కడుంది?
– ఎమ్మెస్సీ భౌతికశాస్త్ర విద్యార్థిని

జవాబు: మీ లెక్క సరైనదే, ఈ పద్ధతిలో ఎవరు చేసినా దాదాపు ఆ విలువే వస్తుంది. 1964లో హోహెన్‌బర్గ్, కోన్, 1965లో కోన్, షామ్ రూపొందించిన ఈ సిద్ధాంతం ఎలక్ట్రాన్ల సాంద్రత ఆధారంగా లెక్కిస్తుంది; అది వాటి భూస్థాయికి, అంటే కనిష్ఠ శక్తి స్థితికి, సంబంధించినది. స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరం వంటివి దానితో చక్కగా తెలుస్తాయి. కాని లెక్క మధ్యలో వచ్చే శక్తి స్థాయిలను నిజమైన ఎలక్ట్రాన్ల స్థాయిలుగా భావించడం మనం సౌలభ్యం కోసం చేసుకున్న ఏర్పాటే తప్ప, సిద్ధాంతం ఇచ్చిన హామీ కాదు.

ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చినా తీసివేసినా మిగిలినవన్నీ సర్దుకుని దాని ప్రభావాన్ని కొంత కప్పివేస్తాయి. 1965లో హెడిన్ ప్రతిపాదించిన జీడబ్ల్యూ పద్ధతి ఆ సర్దుబాటును లెక్కలోకి తెస్తుంది. దానితో సిలికాన్ గ్యాప్ ప్రయోగ విలువకు బాగా దగ్గరవుతుంది.

అయినా శోషణ వక్రం కుదరదు. అసలు ఆసక్తికరమైన విషయం ఇక్కడే ఉంది. కాంతి ఎలక్ట్రాన్‌ను పైకి లేపినప్పుడు కింద ఒక రంధ్రం మిగులుతుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి కనుక, వాటిని విడివిడిగా లెక్కించి కలిపితే సరిపోదు. సిలికాన్ శోషణలో 3.4, 4.3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రెండు శిఖరాలు కనిపిస్తాయి. ఆకర్షణను విస్మరించిన లెక్కలో మొదటిది కుంగిపోయి, రెండోది అతిగా పెరుగుతుంది. ఎలక్ట్రాన్‌ను, రంధ్రాన్ని జంటగా పరిగణించే బెతె-సాల్పీటర్ సమీకరణాన్ని 1998లో కొందరు పరిశోధకులు సిలికాన్‌కు పరిష్కరించినప్పుడు ఆ ఎత్తులు ప్రయోగానికి చేరువయ్యాయి. లిథియం ఫ్లోరైడ్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ: దాని గ్యాప్ సుమారు 14 ఎలక్ట్రాన్ వోల్టులు దాటినా, బలమైన శోషణ 12.6 దగ్గరే జరుగుతుంది.

గ్యాప్‌కు పైనున్న ఖాళీ స్థాయిలన్నిటినీ ఒకే మేరకు జరిపి గ్యాప్‌ను ప్రయోగ విలువకు సరిపెట్టే ‘సిజర్స్’ సవరణ కూడా వాడుకలో ఉంది. అది శిఖరాలను జరుపుతుందే గాని లిథియం ఫ్లోరైడ్ శిఖరాన్ని పుట్టించలేదు. పైగా, ఆ విలువను ప్రయోగం నుంచి అరువు తెచ్చుకున్నాక, అది మీరు మొదలుపెట్టిన రకం లెక్క కాదని నా అభిప్రాయం.

మీ ఆసక్తి సౌర ఫలకాల మీద ఉంటే మరో సంగతి గమనించాలి. సిలికాన్ గ్యాప్ పరోక్షం, అంటే దాన్ని దాటడానికి ఎలక్ట్రాన్ శక్తితో పాటు ద్రవ్యవేగమూ మారాలి, కాంతి ఒక్కటే ఆ మార్పు ఇవ్వలేదు. ద్రవ్యవేగం మారనక్కర్లేని ప్రత్యక్ష పరివర్తనలు 3 ఎలక్ట్రాన్ వోల్టులు దాటాకే మొదలవుతాయి. దృశ్యకాంతి శోషణకు చాలావరకు పరమాణువుల కంపనాలే, అంటే ఫోనాన్లే, తోడ్పడాలి. పరమాణువులను కదలకుండా ఉంచి చేసే లెక్కలో ఈ భాగం రాదు. దీన్ని ప్రాథమిక సూత్రాలతో లెక్కించిన ఫలితాలు 2012లో వెలువడ్డాయి.

ఈ లెక్కలకు క్వాంటమ్ ఎస్ప్రెసో, యాంబో అనే సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగా లభిస్తాయి. ముందుగా జీడబ్ల్యూ లెక్కలో ఖాళీ బ్యాండ్ల సంఖ్యను, తరువాత బెతె-సాల్పీటర్ లెక్కలో కె-బిందువుల (లెక్కకు ఎంచుకునే ఎలక్ట్రాన్ ద్రవ్యవేగ విలువల) సాంద్రతను, ఫలితం మారకుండా నిలిచేవరకు పెంచుతూ పోండి.