బిడ్డా, టేపు కంటే ముందు చెక్క చూడు

చిరంజీవి బిడ్డకు, పెద్దబాపు ఆశీస్సులు.

నువ్వు పంపిన పళ్ళెం ఫొటో మీ పెద్దమ్మకు కూడా చూపించాను. అంచుకు తీసిన మూడు గీతలు మన వేయిస్తంభాల గుడి స్తంభాల మీది వలయాల్లాగా ముచ్చటగా ఉన్నాయి. కానీ అడుగున నాలుగు స్క్రూ బెజ్జాలు, వాటిలో లప్పం చూసి ప్రాణం ఉసూరుమంది. చెక్కను గిర్రున తిప్పుతూ ఉలితో కోసే లేత్ మిషన్‌కు పళ్ళేన్ని స్క్రూలకు బదులు డబుల్ సైడ్ టేపుతో పట్టించొచ్చా అని అడిగావు. పట్టించొచ్చు, నేను చాలా ఏళ్ళుగా అలాగే చేస్తున్నాను. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

దుకాణంలో డబుల్ సైడ్ టేపు అంటే ముందుగా స్పాంజి టేపు చేతిలో పెడతారు. అది వద్దు. స్పాంజి మెత్తన కాబట్టి ఉలి ఆనినప్పుడల్లా పళ్ళెం ఊగుతుంది, కోత అలలు అలలుగా వస్తుంది. కార్పెట్లు అంటించే గుడ్డ టేపు అడుగు. చింపితే అంచున దారాలు కనపడాలి.

ఈ టేపు జిగురు ఫెవికాల్ లాగా చెక్కలోకి ఇంకి గట్టిపడదు. ఎప్పుడూ జిగటగానే ఉంటుంది. ఎంత మేర చెక్కను తాకింది, ఎంత గట్టిగా నొక్కావు, పట్టంతా అందులోనే ఉంది. చెక్క మధ్యలో ఏ కొంచెం ఉబ్బున్నా చుట్టూ టేపు గాలిలో ఉన్నట్టే లెక్క.

ఒకసారి నా చేతిలో జరిగింది చెబుతాను. మే నెల, రేకుల షెడ్డు, పది అంగుళాల టేకు పళ్ళెం. సాయంత్రానికి ఇవ్వాలన్న తొందరలో వెనకవైపు సాండ్ పేపర్ కొట్టి, అరచేత్తో ఓసారి తుడిచి, టేపు వేసి లేత్ ఎక్కించాను. లోపల సగం తీశాక చప్పుడు మారింది. సర్రుమని వచ్చే చప్పుడులో టక్ టక్ అని సన్నటి దరువు మొదలైంది. అప్పుడే మిషన్ ఆపాల్సింది. ఇంకొక్క కోతే కదా అనుకున్నాను. పళ్ళెం లేచి నా చెవి పక్కనుంచి పోయి రేకును సొట్ట పెట్టింది. కాళ్ళ వణుకు తగ్గాక టేపు చూశాను. దాని నిండా గోధుమరంగు పొడి, పిండి అద్దినట్టుంది. వేలు పెడితే వేలికి కూడా అంటలేదు. అది అంటుకున్నది నేను తుడవని దుమ్ముకు.

అందుకే స్టీలు స్కేలు నిలువుగా చెక్క మీద పెట్టి, వెలుతురుకు ఎత్తి చూడు. స్కేలు కింద సందు కనపడొద్దు. అంచులు ఆని మధ్యలో వెంట్రుకవాసి లోతున్నా పర్వాలేదు, ఉబ్బు మాత్రం ఉండొద్దు. బ్రష్‌తో దులిపి, గుడ్డ మీద థిన్నర్ వేసుకుని తుడువు, పూర్తిగా ఆరనివ్వు. టేకులో నూనె ఉంటుంది కాబట్టి దానికి ఇది తప్పనిసరి. పచ్చి చెక్క మీద మాత్రం టేపు ఆశ పెట్టుకోకు.

స్క్రూలు ఎక్కడికి పోవాలంటావా, లేత్ తిరిగే కొసన బిగించే ఇనుప ఫేస్‌ప్లేట్‌కు ఒక పాత చెక్క బిళ్ళను బిగించు. దాని ముఖాన్ని లేత్ మీదనే సమం చేసి, చెక్క రంధ్రాలు మూసే సీలర్ ఒక పూత వేసి ఆరబెట్టు. టేపు ఆ బిళ్ళకూ పళ్ళేనికీ మధ్య ఉంటుంది. పట్టీలను పక్కపక్కన ఆనించి వెయ్యి, ఒకదాని మీద ఒకటి ఎక్కితే అక్కడ మందం రెట్టింపై మిగతాచోట సందు మిగులుతుంది. పెన్సిల్‌తో వలయం గీసుకుని నేరుగా దించు, ఒకసారి తాకితే జరపలేవు. తర్వాత లేత్ రెండో కొసన ఉండి ముందుకు జరిపే టెయిల్‌స్టాక్ తెచ్చి, మధ్యలో ఒక చెక్కముక్క పెట్టి నొక్కి ఒక పావుగంట వదిలెయ్. కోసేటప్పుడు కూడా వీలైనంతసేపు ఆ టెయిల్‌స్టాక్‌ను అక్కడే ఉండనివ్వు.

వేగం గురించి ఒక లెక్క. 8 అంగుళాల పళ్ళెం నిమిషానికి 1000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 38 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 2000 పెడితే 76. నువ్వు 600 దగ్గర మొదలుపెట్టు. ఉలికి బాగా పదును పెట్టి, పలచగా తియ్యి. పళ్ళెం తిరిగే అంచుకు ఎదురుగా నిలబడకు, పక్కకు ఉండు. ముఖానికి షీల్డ్, జుట్టు ముడి, చున్నీ తీసి పక్కన పెట్టడం, ఈ మూడూ లేకుండా స్విచ్ ముట్టొద్దు. ఇది పెద్దబాపు మాట.

టేపును పైకి లాగితే గట్టిగా ఉంటుంది, ఒక అంచునుంచి ఒలిస్తే అరటి తొక్కలాగా వచ్చేస్తుంది. ఎత్తయిన గిన్నె పైఅంచున ఉలి తగిలితే అడుగున జరిగేది ఆ ఒలవడమే. కాబట్టి పళ్ళేలు, చపాతీ పీటలు, మూతల వంటి పలచటి వాటికే టేపు. ఎత్తుగా ఉండే కుంకుమ భరిణెకు, దవడలతో చెక్కను పట్టే చక్ వాడు. సాండ్ పేపర్ ఒకేచోట ఆనించి ఉంచకు, వేడికి జిగురు మెత్తబడుతుంది. మన ఎండాకాలంలో అది మరీ తొందరగా జరుగుతుంది, మధ్యాహ్నం ఆ పని మానుకో.

పని అయ్యాక ఉలి పెట్టి పొడిచి లేపకు, అంచు నలుగుతుంది. రెండు చేతులతో పట్టి మెల్లగా, ఒకే బలంతో తిప్పుతూ లాగి అలాగే ఆగు. జిగురు వదలడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది. రాకపోతే సందులో రెండు చుక్కల థిన్నర్ వెయ్యి, పాలిష్ వైపు పోకుండా చూసుకో, దగ్గర్లో మంట ఉండొద్దు. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్రలాంటి మెత్తటి చెక్కైతే ఇంకా ఓపిక పట్టు, పైపీచు లేచిరావచ్చు. టేపుతో రాత్రంతా వదిలెయ్యకు, తెల్లారేసరికి తీయడం కష్టమవుతుంది.

ముందు ఒక వేప ముక్క మీద చేసి చూడు. టేపు ఊడదీశాక దాని ముఖం దగ్గరగా ఫొటో తీసి పంపు. పొడి ఎంత అంటిందో చూస్తే నువ్వెంత తుడిచావో నాకు తెలుస్తుంది.

మీ పెద్దబాపు,
వరంగల్