పెద్దపేర్లకు భయపడని పత్రిక పెట్టాలంటే

ప్రశ్న: తెనాలి దగ్గర డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇద్దరు స్నేహితులతో కలిసి సైన్సు చరిత్ర మీద తెలుగులో ఒక పత్రిక పెడదామని ఉంది. ఏ యూనివర్సిటీ అండా వద్దు, ఎవరి మొహమాటమూ వద్దు, ఎంత పెద్దవాళ్లయినా తప్పుంటే తప్పనే రాస్తాం. మొదటి సంచికలో ముఖ్య వ్యాసం ‘హీలియం పుట్టిన ఊరు గుంటూరు’. పీర్ రివ్యూ (అదే రంగం నిపుణులు వ్యాసాన్ని ముందుగా పరిశీలించడం) లేకపోతే దాన్ని పరిశోధన పత్రిక అనరని ఒకాయన భయపెట్టారు. ఘాటుగా రాస్తే గొడవలవుతాయని ఇంకో టెన్షన్. ఏమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మాస్టారూ, పెట్టండి. ఇలాంటిది ఒకటి అమెరికాలో బాల్టిమోర్ నుంచి వచ్చింది, పేరు డీఐఓ. డెన్నిస్ రాలిన్స్ అనే ఆయన 1991లో మొదలుపెట్టాడు. పేరుమోసిన చరిత్రకారుల్ని పేరు పెట్టి మరీ ఎగతాళి చేసేవాడు, అందుకు చాలామందికి కోపం వచ్చింది. కానీ అదే పత్రికలో 1993లో డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ 1004 నక్షత్రాల పట్టికను ఒక్కో అంకే సరిచూసి వేశారు. నాకు గౌరవం కలిగింది ఆ పని మీదే. ఎగతాళి ఎవరైనా చేయగలరు, వెయ్యి నక్షత్రాల్ని లెక్కపెట్టి కూర్చోవడానికి ఓపిక కావాలి.

రాలిన్స్ ఏళ్ల తరబడి పట్టుకున్న విషయాల్లో పాతకాలపు గ్రీకు ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ నక్షత్ర పట్టిక ఒకటి. తనకంటే ముందటి గ్రీకు ఖగోళ శాస్త్రవేత్త హిపార్కస్ పట్టికనే తీసుకుని, రేఖాంశాలకు కొంత కలిపి తనదన్నాడని అనుమానం. అంత పెద్దపేరు మీద అనుమానం ఎలా నిలబడిందో చూడండి. నక్షత్రాల రేఖాంశాలు అయనాంశ చలనం (భూమి అక్షం దిశ మెల్లగా మారడం) వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతాయి. టాలెమీ మాత్రం నూరేళ్లకు ఒక డిగ్రీ అనుకున్నాడు. హిపార్కస్ కాలానికీ, టాలెమీ తన పట్టికకు పెట్టుకున్న క్రీ.శ. 137కీ మధ్య 265 ఏళ్లు. టాలెమీ లెక్కన 2 డిగ్రీల 40 నిమిషాలు కలపాలి, నిజానికి కలపాల్సింది 3 డిగ్రీల 40 నిమిషాల పైచిలుకు. ఆయన పట్టికలో రేఖాంశాలు సరిగ్గా ఆ ఒక్క డిగ్రీ దగ్గరే తక్కువ పడుతున్నాయి! తానే ఆకాశం చూసి కొలిచానన్నవాడి అంకెల్లో ఆ తేడా ఎందుకుండాలి? ఈ అనుమానం పాతదే, 1977లో రాబర్ట్ న్యూటన్ అనే భౌతిక శాస్త్రవేత్త టాలెమీని నేరస్థుడనేదాకా వెళ్లాడు. అయితే 2022లో, సినాయ్‌లోని సెయింట్ కేథరిన్ మఠానికి చెందిన ఒక పాత తోలు ప్రతిలో, పైన రాసిన రాత కింద, చెరిపేసిన పాత రాతలో హిపార్కస్ కొలతలు కొన్ని బయటపడ్డాయి. వాటిని చదివినవాళ్లు టాలెమీది ఉత్త నకలు కాదన్నారు. కాబట్టి ‘దొంగ’ అనే మాట నేను వాడను. ఆ ఒక్క డిగ్రీ లెక్క మాత్రం ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీ పత్రికకు కావలసింది అదే. పాఠకుడు ఇంట్లో కూర్చుని సరిచూసుకోగలిగేలా అంకెలన్నీ వేయండి. పీర్ రివ్యూ అనే పేరు లేకపోయినా, ప్రతి వ్యాసంలోని లెక్కనూ రచయితతో పరిచయం లేని ఇద్దరి చేత మళ్లీ చేయించండి, వాళ్ల పేర్లు వ్యాసం కిందే అచ్చు వేయండి. బతికున్నవాళ్ల మీద కాపీ కొట్టారనో మోసం చేశారనో రాయాల్సి వస్తే ముందు లాయరుకు చూపించండి. పత్రికలకు గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరుకు మన దేశంలో ఫీజు లేదు. ప్రమోషన్ పాయింట్లు వస్తాయని ఆశపడే రచయితలకు రావని మొదటే చెప్పేయండి.

ఇక మీ గుంటూరు వ్యాసం. నొచ్చుకోకండి, ఆ శీర్షికతో మాత్రం వేయొద్దు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం రోజు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో ఉన్న మాట నిజం. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటం అంత కాంతిగా ఉందంటే గ్రహణం లేకపోయినా చూడొచ్చని ఆయనకు అక్కడే తట్టింది, మర్నాడే చూశాడు కూడా. అది చాలా గొప్ప సంగతి, కానీ అది హీలియం కాదు. హీలియం ఆనవాలు వర్ణపటంలో కనిపించే ఒక పసుపు గీత. అది సోడియం గీతల పక్కనే ఉంటుంది, సోడియంవి 589.0, 589.6 నానోమీటర్లు, ఇది 587.6. ఇంత దగ్గరగా ఉన్నదాన్ని వేరని తేల్చడమే అసలు కష్టం. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ గ్రహణం లేకుండానే ఆ జ్వాలల్ని చూసి ఆ గీత సోడియంది కాదన్నాడు. హీలియం అనే పేరు ఆ తర్వాత వచ్చింది, భూమ్మీద దాన్ని రసాయన శాస్త్రవేత్త రామ్సే పట్టుకున్నది 1895లో. మచిలీపట్నంలో అదే గ్రహణాన్ని చూసిన మద్రాసు ఖగోళ శాస్త్రవేత్త పాగ్సన్ కూడా ఆ పసుపు గీతను గమనించాడు. ఆయన్ని మన ఊళ్లో ఎవరూ తలచుకోరు, నాకు అది బాధ. గ్రీకు పెద్దల్ని నిలదీసే పత్రిక సొంత జిల్లా కథను సరిచూడకుండా వదిలేస్తే ఎవరు నమ్ముతారు?

ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్లు నేనూ ఒక చిన్న త్రైమాసిక పత్రిక నడిపాను. ఒక శాసనం తేదీకి శక సంవత్సరానికి 78 కలిపి ఇంగ్లీషు సంవత్సరం వేసేశాను. అది మాఘమాసం తేదీ, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది కాబట్టి 79 కలపాలి. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు పోస్టుకార్డు రాశారు. తర్వాతి సంచిక చివరి పేజీలో చిన్నక్షరాల్లో సవరణ వేశాను. ఆయన మళ్లీ కార్డు రాశారు: ‘తప్పు మొదటి పేజీలో చేసి, ఒప్పుకోలు చివరి పేజీలోనా?’ ఆ తర్వాత సవరణలన్నీ సంపాదకీయం కంటే ముందే వేశాను.

శీర్షిక మార్చి ఆ మూడు గీతల పట్టికతో వ్యాసం వేయండి, పాగ్సన్‌కు ఒక పేజీ ఇవ్వండి. సంచిక రాగానే నాకు చందా వివరాలు పంపండి, మూడేళ్లకు కడతాను.