హైదరాబాద్ ఎఫ్ఎం పద్ధతి దేవరకొండకు పనికొస్తుందా?

అన్నా, హైదరాబాద్ ఎఫ్ఎం లెక్క పొద్దంతా సినిమా పాటలు, ఆర్జే ముచ్చట్లు పెడితే మీ దేవరకొండ కమ్యూనిటీ రేడియోకి వినేవాళ్లు పెరుగుతారా అని అడిగారు. నన్నడిగితే వద్దు. ఉదయం తొమ్మిదికి వాళ్ల శ్రోత ట్రాఫిక్‌లో, కారులో ఇరుక్కుని ఉంటాడు. అదే టైంకి మీ శ్రోత నడుముకు ఒడి కట్టుకుని పత్తి ఏరుతూ ఉంటుంది. ఫోనేమో గట్టు మీద సంచిలో. అసలు ఇయర్‌ఫోన్ వైరు పెట్టకపోతే చాలా ఫోన్లలో ఎఫ్ఎం పలకదు కూడా. పాటలకు హక్కుల ఫీజు వేరే టెన్షన్. పైగా కమ్యూనిటీ రేడియోలో కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారు చేయాలన్నది రూలు.

కాపీ కొట్టాలనే ఉంటే జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియోను చూడండి. దళిత మహిళలు నడిపిన స్టేషన్. రోజంతా లాగలేదు, సాయంత్రం రెండు గంటలే, పనులైపోయి ఇల్లు చేరే వేళకు. అక్కడ కూడా తీసుకోవాల్సింది ఆ ఆలోచనే, వాళ్ల చిరుధాన్యాల ముచ్చట్లు కాదు. మీ దిక్కు బత్తాయి, పత్తి కదా.

ముందు నాలుగు ఊళ్లు తిరిగి, ఎవరు ఏ టైంకి రేడియో పెడతారో రాసుకోండి. తర్వాత ఒక్క గంట మాత్రం మార్చి నెల రోజులు చూడండి. శ్రోతల ఫోన్లు పెరగకపోతే పాతదే పెట్టుకోవచ్చు.